పీట్ పొర వయసు తెలిస్తే డెల్టా మేట వేగం తెలిసిపోతుందా?

గోదారిగట్టు:
ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నాను. సెమినార్‌కి నెదర్లాండ్స్‌లోని రైన్–మ్యూస్ డెల్టా తీసుకున్నాను. అక్కడ బంకమట్టి పొరల మధ్య పీట్, అంటే పూర్తిగా కుళ్ళని మొక్కల మేట ఉంటుంది. దానికి కార్బన్-14తో, అంటే మొక్క చనిపోయాక కాలంతో పాటు తగ్గిపోయే రేడియోధార్మిక కార్బన్‌తో, వయసు కడతారు. లోతును ఆ వయసుతో భాగిస్తే ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్ల మేట పడిందో వచ్చేస్తుంది కదా? మా గైడ్ గారు అంత తేలిక కాదంటున్నారు. ఎందుకండీ?

నేలపొరలు:
గైడ్ గారి మాట నిజం. నేను ఆ డెల్టా కోర్ల (బోరు వేసి పైకి తీసిన మట్టి కడ్డీల) మీదే పనిచేస్తున్నాను కాబట్టి వివరంగా రాస్తాను.

పీట్‌లో ఎక్కువ భాగం నీరే. పైన బంకమట్టి పేరుకున్నకొద్దీ ఆ బరువుకి అణిగి, పుట్టిన చోటు నుంచి కిందికి కుంగుతుంది. మీరు కొలిచే లోతు ఆనాటిది కాదు. అందుకే అక్కడ డొంక్‌ల దగ్గర బోరు వేస్తారు. అవి మంచుయుగం చివర గాలి పోసిన ఇసుక దిబ్బలు. చుట్టూ మేట పడి ఇప్పుడు కొన్నిటి కొనలే పైకి కనిపిస్తాయి. ఇసుక దాదాపు అణగదు, దాన్ని ఆనుకుని పుట్టిన పీట్ కూడా పెద్దగా దిగదు. వాలు పాదంలో పాత వయసులు, పైకి వచ్చేకొద్దీ కొత్తవి. సముద్రంతో పాటు భూగర్భజలం ఎప్పుడు ఎంత ఎత్తుకు లేచిందో వరసగా తెలుస్తుంది. ఆ డెల్టాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఆ వాలే.

ఇక ల్యాబుకి ఏం పంపామన్నది. పీట్ ముద్దను అలాగే పంపితే, తర్వాతి కాలపు రెల్లు వేళ్ళు పైనుంచి దిగి ఉంటాయి, వయసు తగ్గుతుంది. చెరువడుగు బురదలో తలకిందులు. సున్నపురాయి నుంచి నీటిలో కరిగిన కార్బన్‌లో కార్బన్-14 ఉండదు, దాన్ని తీసుకున్న నీటిమొక్కలు అసలు కన్నా ఎక్కువ వయసు చూపిస్తాయి. కాబట్టి జల్లెడలో కడిగి, సూక్ష్మదర్శిని కింద ఆల్డర్, తుంగ లాంటి మొక్కల గింజలు ఏరతాం. కార్బన్-14 పరమాణువులను నేరుగా లెక్కపెట్టే యాక్సిలరేటర్ పద్ధతికి మిల్లీగ్రాము కార్బన్ చాలు. గింజ దొరకని పొరకు వయసు కట్టకపోవడమే మేలని నా అభిప్రాయం.

గోదారిగట్టు:
చాలా థాంక్సండీ. నది పాయ వయసు కూడా ఇలాగేనా?

నేలపొరలు:
అవును. పాయ గట్టు బంకమట్టి కిందున్న పీట్ పైకొస, పాయ ఎప్పుడు మొదలైందో చెబుతుంది. పూడిపోయిన పాయ అడుగున పడ్డ గింజలు అది ఎప్పుడు ఆగిందో చెబుతాయి. వరద పీట్ పైభాగాన్ని కోసేసిందేమో ముందు చూడండి. కోసేస్తే పాయ అసలు కన్నా పాతదిగా తేలుతుంది.

ల్యాబ్_సీనియర్:
ఒక్కటి కలుపుతాను. ల్యాబు ఇచ్చే అంకె 1950 నుంచి వెనక్కి లెక్క, అదీ క్యాలెండర్ ఏళ్ళు కావు. కార్బన్-14 వయసును క్యాలెండర్ ఏళ్ళలోకి మార్చే ఇంట్‌కాల్20 వక్రంతో సరిచేయాలి. క్రీ.పూ. 800–400 మధ్య ఆ వక్రం చదునుగా ఉంటుంది, ఎంత మంచి గింజైనా వయసు వందల ఏళ్ళ మేర సాగుతుంది. రేపు గోదావరి కోర్లలో సముద్రపు గవ్వలకు వయసు కడితే సముద్ర నమూనాల కోసం ఉన్న మెరైన్20 వక్రం వాడి, ఆ తీరపు నీటికి తగ్గ స్థానిక సవరణ కూడా వేయండి.