కిరండూల్ లైను పనికి వెళ్లిన మా తాతయ్య వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

మా తాతయ్య 1960ల్లో కొత్తవలస–కిరండూల్ రైల్వే లైను పనికి వెళ్లారు. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ ఓడరేవు మీదుగా జపాన్ పంపడానికి వేసిన లైను అది. ఆ లైను మీదే నడిచే అరకు రైలు సొరంగంలోకి వెళ్లినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు.

నాయనమ్మ కూడా వెంటే వెళ్లింది. అరకు వైపు శిమిలిగూడ దగ్గర గడ్డి పాకలో కాపురం. చలికి పిల్లల్ని గోనెపట్టాల్లో చుట్టి పడుకోబెట్టేదట. మా పెద్దత్త పసిపిల్లగానే జ్వరం వచ్చి అక్కడే పోయింది.

ఇప్పుడు మా దగ్గర మిగిలింది తాతయ్య పనినాటి ఒక ఇత్తడి బిళ్ళ. నంబరు సగం అరిగిపోయింది, చివర 47 మాత్రం కనిపిస్తోంది. ఇలాంటి బిళ్ళలు కాంట్రాక్టరు ఇచ్చేవాడా, రైల్వేవాళ్లా? అప్పటి మస్టర్ రోల్స్ (కూలీల హాజరు పట్టీలు) చూడాలంటే ఎవర్ని అడగాలి? ఆ పనికి వెళ్లినవాళ్ల పిల్లలెవరైనా ఉంటే దయచేసి చెప్పండి. నాయనమ్మకి 88 ఏళ్లు, రోజూ అడుగుతోంది.