ఎమ్మెస్సీ కెమిస్ట్రీ తర్వాత యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ మీద పీహెచ్‌డీ: నానో టాపిక్ ఎలా ఎంచుకోవాలి?

పలమనేరు అమ్మాయి (ప్రశ్న):

నమస్కారం అండి. మాది పలమనేరు దగ్గర పల్లె. తిరుపతిలో ఆర్గానిక్ కెమిస్ట్రీ ఎమ్మెస్సీ పూర్తయింది, నెట్‌లో జేఆర్ఎఫ్ కూడా వచ్చింది. మా మామయ్య హైదరాబాద్‌లో ఫార్మా ఉద్యోగం చూస్తానంటున్నాడు. నాకేమో పీహెచ్‌డీ చేయాలని ఉంది, అదీ మందులకు లొంగని బ్యాక్టీరియా మీదే.

పోయిన ఏడాది మా అవ్వ కాలికి షుగర్ పుండు పడింది. చీము కల్చర్‌కు పంపిస్తే క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా అని వచ్చింది. రిపోర్టులో మందుల పేర్ల పక్కన దాదాపు అంతా 'ఆర్', అంటే రెసిస్టెంట్. సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెమ్, అన్నీ నేను స్ట్రక్చర్లు గీసి మార్కులు తెచ్చుకున్నవే. చివరికి కిడ్నీలను దెబ్బతీసే ప్రమాదమున్న కొలిస్టిన్ ఎక్కించారు. కిడ్నీలు ఏమవుతాయోనని రోజూ టెన్షన్. అవ్వ బతికింది కానీ రెండు కాలివేళ్లు తీసేశారు.

ఇంటర్ నుంచి నాది ఎంపీసీ. బయాలజీ పదో తరగతితోనే ఆగిపోయింది. నేను కలిసిన ఒక సార్ ఆకు రసంతో సిల్వర్ నానోపార్టికల్స్ (అతి సూక్ష్మమైన వెండి రేణువులు) చేసే టాపిక్ తీసుకోమంటున్నారు, త్వరగా పేపర్లు వస్తాయట. తీసుకోనా? బయాలజీ లేకుండా నెగ్గుకురాగలనా?

ఏర్పేడు అక్క:

చెల్లీ, ముందుగా అభినందనలు. జేఆర్ఎఫ్ అంటే నెలకు 37 వేలు, పైన ఇంటి అద్దె అలవెన్సు. రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ అయితే 42 వేలు. ఈ లెక్క మామయ్యకు చెప్పు. నేనూ ఎంపీసీనే. ఇప్పుడు యాంటీబయాటిక్‌ను లైపోజోముల్లో (కొవ్వు పొరతో చేసిన అతి సూక్ష్మమైన బుడగల్లో) నింపే పని మీద పీహెచ్‌డీ చివర్లో ఉన్నాను.

బయాలజీ గురించి భయపడకు. ఆ 'ఆర్'ల వెనక చాలావరకు ఉన్నది కెమిస్ట్రీనే. కొన్ని బ్యాక్టీరియా తయారుచేసే ఎన్‌డీఎం అనే ఎంజైమ్ ఉంది. దాని మధ్యలో జింక్ అయాన్లు ఉంటాయి. వాటి సాయంతో నీటి అణువును వాడుకుని మెరోపెనెమ్‌లోని బీటా-లాక్టమ్ రింగును తెంచేస్తుంది. అదే ఎంజైమ్ అజ్ట్రియోనామ్ అనే మరో బీటా-లాక్టమ్ మందు జోలికి పోలేదు. కాకపోతే ఆ బ్యాక్టీరియాలో తరచుగా ఇతర బీటా-లాక్టమేజ్‌లు (ఇలా రింగును తెంచే ఎంజైమ్‌లు) కూడా ఉండి అజ్ట్రియోనామ్‌ను పాడుచేస్తాయి. వాటిని ఆపడానికి అవిబాక్టమ్ జోడించిన మందుకు అమెరికాలో 2025లో అనుమతి వచ్చింది. చెన్నైలోని ఆర్కిడ్ ఫార్మా కనిపెట్టిన ఎన్మెటాజోబాక్టమ్ కూడా ఇలా ఎంజైమ్‌ను అడ్డుకునే అణువే. సెఫెపిమ్ అనే యాంటీబయాటిక్‌తో కలిపి 2024లో అక్కడ అనుమతి పొందింది. ఎన్‌డీఎం మీద మాత్రం అది పనిచేయదు. ఇదంతా అర్థం చేసుకోవడానికి నీకు కావాల్సిన పునాది ఇప్పటికే ఉంది.

రింగు తెగడం ఒక్కటే కాదు. క్లెబ్సియెల్లాకు బయట అదనంగా ఇంకో పొర ఉంటుంది. మందు లోపలికి పోయే పోరిన్ దారులు తగ్గిపోతాయి, ఎలాగో దూరిన మందును పంపులు బయటికి తోసేస్తాయి. మానని పుండ్లలో ఇవి బయోఫిల్మ్ అనే జిగురు పొర కట్టుకుని కూర్చుంటాయి. నానోమెడిసిన్‌కు అసలు పని ఇక్కడే ఉంది: మందును చేరాల్సిన చోటికి చేర్చడం, చేరకూడని చోట తగ్గించడం. అమికాసిన్‌ను లైపోజోముల్లో పెట్టి ఊపిరితిత్తుల్లోకి పీల్చే మందుగా చేశారు, అమెరికాలో 2018 నుంచి వాడుతున్నారు. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఊరూరా వెతికిన లైపోజోమల్ ఆంఫోటెరిసిన్-బి కూడా ఈ కోవదే. మామూలు రూపంతో పోలిస్తే అది కిడ్నీలకు చేసే హాని తక్కువ. మీ అవ్వకు కొలిస్టిన్ ఎక్కిస్తున్నప్పుడు మీరు పడిన భయానికి కెమిస్టులు చేయగలిగిన పని ఇలా ఉంటుంది.

ఇక సిల్వర్. వద్దని అనను. కానీ ఏదో ఒక ఆకు తీసుకోవడం, ద్రావణం పసుపు రంగుకు మారడం, కాంతి శోషణలో 400 నానోమీటర్ల దగ్గర పీక్ రావడం, మందు డిస్క్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని జోన్ కొలవడం... ఇలాంటి పేపర్లు ఇప్పటికే గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. నువ్వు ఆకు మార్చినంత మాత్రాన ఏ పేషెంటుకూ ఒరిగేది ఉండదు. సార్‌ను మర్యాదగా ఇవి అడుగు. అంతే సిల్వర్ ఉన్న సిల్వర్ నైట్రేట్‌తో పోల్చి చూస్తామా? ఆకు రసం ఒక్కటే వేసి చూస్తామా? సెంట్రిఫ్యూజ్ చేశాక పైన తేలిన నీటిని విడిగా పరీక్షిస్తామా? చంపుతున్నది పార్టికలా, దాంట్లోంచి కరిగిన అయానా అన్నది ఇవి లేకుండా తేలదు.

నీళ్లలో చక్కగా నిలబడ్డ పార్టికల్స్ బ్యాక్టీరియా పెంచే ముల్లర్-హింటన్ బ్రాత్‌లో వేయగానే, అందులోని ఉప్పుకు విరిగిన పాలలాగా గడ్డకట్టడం నేను చూశాను. ఆ తర్వాత ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మోతాదు) కొలిస్తే ఆ అంకెకు అర్థమేముంది? డిస్క్ పద్ధతీ నానోకు సరిపోదు, పార్టికల్స్ అగార్‌లో సరిగా పాకవు. 96 గుంటల ప్లేట్‌లో మైక్రోడైల్యూషన్ (మందును క్రమంగా పలచన చేస్తూ పరీక్షించడం) చెయ్యాలి. పార్టికల్స్ వల్ల గుంట మసకబారితే కంటితో చదవలేం, బతికున్న బ్యాక్టీరియాను చూపే రెసాజురిన్ రంగును కూడా కొన్ని పార్టికల్స్ వాటంతట అవే మార్చేయగలవు. కాబట్టి చివరికి ప్లేటింగ్ చేసి కాలనీలు లెక్కపెట్టాల్సిందే. విసుగు పని. అయినా నాకు నమ్మకం ఇచ్చేది ఆ లెక్కే.

సిల్వర్‌కు రెసిస్టెన్స్ రాదని ఎవరైనా అంటే నమ్మకు. ఇ. కోలై ఫ్లాజెలిన్ అనే ప్రొటీన్ విడుదల చేసి సిల్వర్ పార్టికల్స్‌ను గడ్డకట్టించి తప్పించుకుంటుందని 2018లోనే చూపించారు.

మైక్రో ల్యాబ్ టెక్నీషియన్, తిరుపతి:

పై మాటలకు ఒకటి కలుపుతాను. కెమిస్ట్రీ వాళ్ల పేపర్లలో ఎక్కువగా కనిపించేది ఇ. కోలై ఏటీసీసీ 25922 అనే ప్రామాణిక రకం. మేము క్వాలిటీ కంట్రోల్‌కు వాడేది కూడా అదే. అది మామూలు మందులకే చచ్చే బ్యాక్టీరియా. దాన్ని చంపి రెసిస్టెన్స్‌ను జయించామని రాస్తే మాకు బాధగా ఉంటుంది. పేషెంట్ల నుంచి వచ్చిన, రెసిస్టెన్స్ జీన్లు తేల్చిన ఐసొలేట్లు (శాంపిల్ నుంచి వేరుచేసి పెంచిన బ్యాక్టీరియా) కావాలి. వాటికి ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, పేర్లు తీసేసి ఇస్తారు. తెలిసినవాళ్లను అడిగి ట్యూబుల్లో పట్టుకుపోయే పని మాత్రం ఎప్పుడూ చేయవద్దు, నీకూ నీ చుట్టూ ఉన్నవాళ్లకూ ప్రమాదం.

పశువుల డాక్టర్, పుంగనూరు:

అమ్మా, మీ పలమనేరు వైపు ఆవులు లేని ఇల్లు తక్కువ. పొదుగు వాపు వచ్చినప్పుడు సెఫ్ట్రియాక్సోన్ వేయడం నేను తరచూ చూస్తుంటాను. స్టాఫిలోకాకస్ ఆరియస్ పొదుగులోని కణాల లోపల దాక్కుంటుంది, సూది వేసినన్నాళ్లు తగ్గి మళ్లీ వస్తుంది. కణంలోకి మందు చేర్చే నానో రూపం దొరికితే మా రైతులకు ఎంత మేలో! పాలల్లోకి ఎంత దిగుతుంది, ఎన్ని రోజులు పాలు పోయకూడదు అనేది కూడా నీ థీసిస్‌లోనే ఉండాలి. కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు వాడకుండా 2019లో మన దేశంలో నిషేధించారు. అది మీ అవ్వ లాంటివాళ్ల కోసం దాచుకోవాల్సిన మందు. తిరుపతిలో వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, కో-గైడ్ కోసం అక్కడా అడుగు.

పలమనేరు అమ్మాయి:

అందరికీ చాలా థ్యాంక్స్. డాక్టర్ గారూ, మా ఇంట్లో కూడా ఆవులున్నాయి, పొదుగు వాపు గురించి నాకు తట్టనే లేదు. అక్కా, సార్ దగ్గరికి మళ్లీ వెళ్తున్నాను. నువ్వు చెప్పిన ప్రశ్నలు అడిగితే నొచ్చుకుంటారేమో?

ఏర్పేడు అక్క:

నొచ్చుకోరు, మంచి గైడ్ అయితే సంతోషిస్తారు. పోట్లాటలా కాకుండా, 'సార్, ఈ కంట్రోల్స్ పెట్టుకోవచ్చా' అని అడుగు. వెళ్లినప్పుడు ల్యాబ్ కూడా చూసి రా: బయోసేఫ్టీ క్యాబినెట్ ఉందా, బీఎస్ఎల్-2 (రోగాలు తెచ్చే బ్యాక్టీరియాకు కావాల్సిన భద్రతా స్థాయి) పని ఎక్కడ చేస్తారు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కు శాంపిల్స్ ఎక్కడికి పంపుతారు, మైక్రోబయాలజీ నుంచి కో-గైడ్ ఒప్పుకుంటారా. కోర్సువర్క్‌లో మైక్రోబయాలజీ పేపర్ తీసుకోనిస్తారేమో కనుక్కో. అక్కడి సీనియర్లతో సార్ లేనప్పుడు ఒక అరగంట మాట్లాడు. ఐసర్, పద్మావతి మహిళా యూనివర్సిటీ నోటిఫికేషన్లు కూడా చూస్తూ ఉండు, ఒక్క చోటే ఆశ పెట్టుకోవద్దు. మీ డాక్టర్ గారు చెప్పిన పొదుగు వాపు టాపిక్ నాకు చాలా నచ్చింది. ఒక పేజీ రాసి ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను.