ఎనిమిది నెలల పాపతో, అమ్మానాన్నలతో డిస్నీ వరల్డ్‌కు వెళ్ళవచ్చా?

ప్రశ్న: చిన్నితల్లి అమ్మ, అట్లాంటా

అందరికీ నమస్కారం. మా పాపకు ఈ నెలతో ఏడు నెలలు నిండాయి. ఏప్రిల్‌లో గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మానాన్నలు అక్టోబరు మొదటి వారంలో తిరిగి వెళ్ళిపోతున్నారు. వాళ్ళు ఉండగానే అందరం కలిసి ఒక్క ప్రయాణమైనా చేయాలని, సెప్టెంబరు చివరి వారంలో నాలుగు రోజులు ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌కు వెళ్దామనుకుంటున్నాము. మా వారు ఎం.ఎస్. చదవడానికి వచ్చినప్పటి నుంచి చూడాలనుకుంటూ, మొదట డబ్బు లేక, తరువాత సెలవు దొరక్క వాయిదా వేస్తూ వచ్చిన చోటు అది. కాబట్టి ఈ ప్రయాణం పాప కోసమని అబద్ధం చెప్పను. పెద్దవాళ్ళ సరదాకు పాపను వెంట తీసుకువెళ్తున్నాము. ఆ సరదా దానికి శిక్ష కాకూడదన్నదే నా బెంగ.

ఇక్కడి నుంచి దాదాపు 440 మైళ్ళు, కారులోనే వెళ్తాము. పాపకు ప్రధానంగా తల్లిపాలే, రోజుకు రెండు పూటలు ఉగ్గు పెడుతున్నాము. పగలు మూడుసార్లు నిద్రపోతుంది, అది కూడా మా అమ్మ కట్టిన చీర ఉయ్యాలలో, ఊపుతూ ఉంటేనే. మా నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, ఎక్కువసేపు నిలబడలేరు.

అంత జనంలో పాలు ఎక్కడ పట్టాలి, ఉగ్గు ఎక్కడ వండాలి, పాపను ఎత్తుకుని ఏ రైడ్లు ఎక్కవచ్చు, ఎక్కకూడని వాటికి మేమిద్దరం ఎలా వంతులు వేసుకోవాలి అన్నవి నా సందేహాలు. చంటిబిడ్డతో వెళ్ళివచ్చిన వారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: ఇద్దరు పిల్లల తండ్రి, షార్లెట్

తప్పకుండా వెళ్ళండి, కానీ నాలుగు రోజుల్లో నాలుగు పార్కులు అనే లెక్క మాత్రం పెట్టుకోవద్దు. నిరుడు మేము తొమ్మిది నెలల బాబుతో, ఐదేళ్ల అమ్మాయితో, మా అత్తమామలతో వెళ్ళాము. మొదటి రోజు పొద్దున ఎనిమిదింటి నుంచి రాత్రి బాణసంచా వరకు ఉండి తీరాలని పట్టుబట్టాను. ఆ రోజు జరిగినది మీకు ఉపయోగపడుతుందని చెబుతున్నాను. మధ్యాహ్నం బాబు స్ట్రోలర్‌లో నిద్రపోతే, ఎండ పడకుండా మా ఆవిడ చున్నీని ముందు నుంచి వెనక వరకు కప్పాను. పల్చని నూలు చున్నీయే కదా అనుకున్నాను. ఇరవై నిమిషాల తరువాత మా అత్తగారు ఎందుకో చేయి లోపలికి పెట్టి, వెంటనే చున్నీ లాగేశారు. వాడి మెడ వెనక జుట్టంతా తడిసి చర్మానికి అంటుకుపోయి ఉంది, బుగ్గలు కందిపోయాయి. గాలి ఆడకుండా గుడ్డ కప్పితే లోపల వేడి పేరుకుంటుందని అప్పుడు తెలిసింది. మిగిలిన మూడు రోజులూ పదకొండున్నరకల్లా గదికి చేరి, సాయంత్రం ఐదు తరువాత మళ్ళీ బయలుదేరాము. సగం రోజే చూశాము, కానీ చూసినంతా హాయిగా చూశాము.

ఇక మీ సందేహాలు. మూడేళ్లు నిండని పిల్లలకు టికెట్టు అక్కరలేదు. నాలుగు పార్కుల్లోనూ పసిపిల్లల సంరక్షణ కేంద్రం ఒకటి ఉంటుంది, దానినే బేబీ కేర్ సెంటర్ అంటారు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో అది మెయిన్ స్ట్రీట్ చివర క్రిస్టల్ ప్యాలెస్ పక్కన, ఎప్‌కాట్‌లో ఒడిస్సీ భవనంలో ఉంది. పాలు పట్టడానికి విడిగా గదులు, డైపరు మార్చే బల్లలు, ఎత్తు కుర్చీలు, మైక్రోవేవ్, సింకు అన్నీ ఉంటాయి, డైపర్లు, పాలపొడి అమ్ముతారు కూడా. ఏసీ చల్లదనం, మసక వెలుతురు ఉండే ఆ గదిలో మా వాడు రోజుకు రెండుసార్లు పాలు తాగాడు. లోపలికి వెళ్ళగానే ముందు అది ఎక్కడుందో చూసుకుని, ఆ తరువాతే రైడ్ల సంగతి ఆలోచించండి.

రైడ్ల విషయంలో గీటు ఒక్కటే. ఎత్తు నిబంధన ఉన్నదా లేదా అన్నది చూసుకుంటే చాలు. ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్, డంబో, పీటర్ పాన్ వంటి వాటికి ఎత్తు నిబంధన లేదు, పాపను వెంట తీసుకుని ఎక్కవచ్చు. బొమ్మలు పాడే ఆ స్మాల్ వరల్డ్ పడవలో మా వాడు నోరు తెరిచి కూర్చున్నంతసేపు మా ఆవిడ బొమ్మలను కాక వాడినే చూస్తూ ఉండిపోయింది. ఎత్తు నిబంధన ఉన్నవాటిలో సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కు 38 అంగుళాలు, స్పేస్ మౌంటెన్‌కు 44, ట్రాన్‌కు 48 అంగుళాలు ఉండాలి. వీటికోసం రైడర్ స్విచ్ అనే ఏర్పాటు ఉంది. వరుసలోకి వెళ్ళేముందు ప్రవేశద్వారం దగ్గరి సిబ్బందికి పాపను చూపించి అడిగితే, ముందు ఒకరు మామూలు వరుసలో వెళ్ళివస్తారు, అంతవరకు పాపతో బయట ఉన్నవారు ఆ తరువాత ఆ పెద్ద వరుసలో మళ్ళీ నిలబడకుండానే వెళ్ళవచ్చు. దీనికి అదనంగా ఏమీ చెల్లించనక్కరలేదు.

స్ట్రోలర్ మీదే తీసుకువెళ్ళండి. పార్కులో అద్దెకు దొరికేవి గట్టి ప్లాస్టిక్‌వి, వెనక్కి వాలవు, కాబట్టి చంటిబిడ్డ నిద్రకు పనికిరావు. వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు మించకూడదన్న నియమం 2019 మే నుంచి ఉంది, లాగుకుంటూ వెళ్ళే బండ్లను రానివ్వరు. రైడు ఎక్కేటప్పుడు స్ట్రోలర్‌ను బయట నిలిపి వెళ్తాము కదా, తిరిగి వచ్చేసరికి సిబ్బంది వాటన్నిటినీ సర్దేటప్పుడు మనది మరో వరుసలోకి మారిపోతుంది. మా అత్తగారు హ్యాండిల్‌కు పాత పట్టుచీర అంచు ముక్క ఒకటి కట్టారు, వందల నల్ల స్ట్రోలర్ల మధ్య ఆ ఎర్రంచు దూరం నుంచే కనిపించేది.

మరొక్కటి. కారులో వెళ్ళేవారికి మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కింగు గేటు దగ్గర ఉండదు. కారు అవతల ఆపి, మోనోరైలులోనో పెద్ద పడవలోనో సరస్సు దాటి వెళ్ళాలి. రాత్రి బాణసంచా అయ్యాక అందరూ ఒక్కసారిగా కదులుతారు. ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని ఆ వరుసలో నిలబడే పరిస్థితి తెచ్చుకోకుండా కాస్త ముందే బయలుదేరండి. ఎప్‌కాట్‌లో ఈ బెడద లేదు, పార్కింగు నుంచి నడిచే వెళ్ళిపోవచ్చు.

సమాధానం: నిదానమే ప్రధానం, ఫ్రిస్కో

నా అభిప్రాయం కొంత వేరు, అన్యథా భావించవద్దు. పెద్దవారి టికెట్టు ఒక్కరోజుకే వంద డాలర్లు దాటుతుంది, మీరు నలుగురు పెద్దవాళ్ళు. అంత పెట్టి సగం రోజు గదిలో పడుకోవడానికి వెళ్ళడం నాకైతే మనసొప్పదు. పాపకు రెండున్నరేళ్లు వచ్చాక వెళ్తే అప్పటికీ దానికి టికెట్టు ఉండదు, పైగా మిక్కీని చూసి చప్పట్లు కొడుతుంది. ఇప్పుడు అమ్మానాన్నలతో గడపడమే ముఖ్యమనుకుంటే జార్జియా తీరంలోనే జెకిల్ ద్వీపం ఉంది. సముద్రపు ఒడ్డున ఇల్లు అద్దెకు తీసుకుని, వండుకుని తిని, మధ్యాహ్నం అందరూ నిద్రపోయి, సాయంత్రం ఇసుకలో కూర్చోవచ్చు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయనకు కూడా అదే సుఖం.

సమాధానం: పిల్లల వార్డు నర్సు, టాంపా

వెళ్ళాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఆరోగ్యానికి సంబంధించిన నాలుగు మాటలు మాత్రం చెబుతాను. వీటిని మీ పాప డాక్టరుతో కూడా ఒకసారి మాట్లాడుకోండి.

మొదటిది తట్టు. అమెరికాలో తట్టు టీకా మొదటి మోతాదు పన్నెండు నెలలు నిండాక వేస్తారు. మన దేశంలో తొమ్మిది నెలలు నిండగానే వేస్తారు కాబట్టి, మీ అమ్మగారు పాపకు టీకా అయిపోయే ఉంటుందనుకోవచ్చు, కానీ కాదు. 2014 డిసెంబరులో కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ నుంచి మొదలైన తట్టు వందమందికి పైగా సోకింది. దేశదేశాల వారు ఒకేచోట కలిసే పార్కు అయినందువల్ల అలా జరిగింది. భయపడమని చెప్పడం లేదు. ఆ వారాల్లో ఎక్కడైనా తట్టు ప్రబలి ఉంటే టీకా ముందే వేయించాలా అని డాక్టరును అడగండి. ఇంట్లోని పెద్దలందరికీ టీకాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి.

రెండవది ఎండ. సెప్టెంబరు చివరలో కూడా మా ఫ్లోరిడాలో ఉక్కపోత తగ్గదు. ఆరు నెలలు దాటింది కాబట్టి సన్‌స్క్రీన్ రాయవచ్చు, జింక్ ఆక్సైడ్ ఉన్నది మేలు. అయినా నీడ, టోపీ, పల్చని పొడుగు చేతుల చొక్కా ముందు, క్రీము తరువాత. పాలు మామూలు కంటే ఎక్కువసార్లు పట్టండి. డైపరు తడవడం తగ్గినా, బిడ్డ మగతగా ఉన్నా వెంటనే చల్లని చోటికి తీసుకువెళ్ళి, పార్కులో ఉండే ప్రథమ చికిత్స కేంద్రంలో చూపించండి. మధ్యాహ్నం ఉరుములతో వాన పడటం ఇక్కడ మామూలే, మెరుపులు ఉన్నంతసేపు ఆరుబయటి రైడ్లు ఆపేస్తారు. జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు తుపానుల కాలం కాబట్టి, డబ్బు తిరిగి వచ్చే పద్ధతిలోనే గది తీసుకోండి.

మూడవది చెవులు. బాణసంచా చూడాలనుకుంటే పసిపిల్లల చెవులను పూర్తిగా మూసే మఫ్‌లు కొని, ఇంట్లోనే పది రోజుల ముందు నుంచి కాసేపు పెట్టి అలవాటు చేయండి. కొత్తచోట ఒక్కసారిగా పెడితే పీకి పారేస్తారు.

ఇక నిద్ర. హోటలు గదిలో చీర ఉయ్యాల కట్టడానికి వీలుండదు. డిస్నీ హోటళ్లలో అడిగితే మడత తొట్టి ఇస్తారు. బయలుదేరడానికి రెండు వారాల ముందు నుంచే ఇంట్లో రోజుకు ఒక నిద్రైనా ఊపకుండా, చదునుగా ఉన్న తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టి అలవాటు చేయండి. కారు ప్రయాణంలో కూడా రెండు గంటలకొకసారి ఆపి, సీటులోంచి తీసి ఒళ్ళు చాపుకోనివ్వండి. దారిలో నాలుగైదు చోట్ల ఆగితే ఏడు గంటల దూరం పది గంటలు పడుతుంది. అలా అనుకునే బయలుదేరితే ఎవరికీ విసుగు రాదు.

చిన్నితల్లి అమ్మ, అట్లాంటా

అందరికీ ధన్యవాదాలు. ఫ్రిస్కో గారూ, జెకిల్ ద్వీపం సంగతి ఇంట్లో చెప్పాను. నాన్నగారు "సముద్రం మనకు సూర్యలంకలో లేదా?" అన్నారు, దాంతో ఆ మాట అక్కడ ఆగిపోయింది. రైడర్ స్విచ్ గురించి ఒక చిన్న సందేహం. మాతో అమ్మానాన్నలు ఉంటారు కదా, పాపను వాళ్ళ దగ్గర ఉంచి మేమిద్దరం కలిసే వెళ్ళిరావచ్చు కదా? అలాగే, మైక్రోవేవ్‌లో ఉగ్గు సరిగ్గా ఉడుకుతుందా?

సమాధానం: గుడివాడ నాయనమ్మ, ప్రస్తుతం న్యూజెర్సీ

అమ్మా, వెళ్ళిరావచ్చు, కానీ ఎన్నిసార్లు అన్నది ముందే అనుకోండి. రెండేళ్ల కిందట మా అబ్బాయి మమ్మల్ని అక్కడికే తీసుకువెళ్ళాడు. మొదటి రోజు మనవడిని ఒళ్ళో పెట్టుకుని ఒకే బెంచీ మీద దాదాపు మూడు గంటలు కూర్చున్నాము. పిల్లలు రైడు దిగి నవ్వుకుంటూ వచ్చేవారు, "ఇంకొక్కటి అమ్మా" అని మళ్ళీ వెళ్ళేవారు. మనవడిని చూసుకోవడం మాకు బరువు కాదు. అయితే అంత దూరం వచ్చి, ఎదురుగా ఏముందో చూడకుండా బెంచీకి అతుక్కుపోతే మనసు చిన్నబోతుంది, ఆ మాట పైకి చెప్పలేము. రెండో రోజు మా కోడలే గమనించి, పూటకు ఒక్క పెద్ద రైడే ఇద్దరూ కలిసి వెళ్తామని, మిగిలినవి అందరం కలిసి ఎక్కేవే చూద్దామని అంది.

అలా చూసిన వాటిలో మా ఆయనకు బాగా నచ్చింది ఎప్‌కాట్‌లోని లివింగ్ విత్ ద ల్యాండ్. పడవలో పావుగంట సేపు చల్లగా గాజుతోటల మధ్య నుంచి తీసుకువెళ్తారు. మట్టి అన్నదే లేకుండా, వేళ్ళు గాలిలో వేలాడుతుండగా కాపు కాస్తున్న మొక్కలను చూసి, నలభై ఏళ్లు వ్యవసాయం చేసిన మనిషి పడవలో లేచి నిలబడబోయారు. మనవడు ఆ పడవ ఊపుకు నా భుజం మీదే నిద్రపోయాడు. దిగి మళ్ళీ ఎక్కాము. మీ నాన్నగారికి కూడా నచ్చుతుందని నా నమ్మకం. యానిమల్ కింగ్‌డమ్‌లో కిలిమంజారో సఫారీకి కూడా పసిపిల్లను ఒళ్ళో పెట్టుకుని వెళ్ళవచ్చు, కాకపోతే ఆ బండి గతుకుల దారిలో బాగా కుదుపుతుంది, పాప మెడ పట్టుకుని కూర్చోవాలి. మోకాళ్ళ విషయంలో మీ నాన్నగారు మొహమాటపడినా సరే, గేటు దగ్గరే చక్రాల కుర్చీ అద్దెకు తీసుకోండి. మా ఆయన మొదటి రోజు వద్దన్నారు, రెండో రోజు తానే అడిగారు.

ఉగ్గు మైక్రోవేవ్‌లో ఉడుకుతుంది కానీ పొంగి గిన్నె దాటుతుంది. అర నిమిషానికొకసారి ఆపి కలపాలి, అక్కడ వెనక మరో తల్లి కాచుకుని ఉంటుంది. దానికన్నా అటుకులు దోరగా వేయించి, మెత్తగా పొడి చేసి, జల్లించి సీసాలో పోసుకోండి. ఫ్లాస్కులోని వేడినీళ్ళు పోసి మూతపెడితే ఐదు నిమిషాల్లో మెత్తబడుతుంది, ఒక చుక్క నెయ్యి వేసి పెట్టవచ్చు. ఒక అరటిపండు కూడా చేతిలో ఉంచుకోండి. బయటి నుంచి తిండి తెచ్చుకోనిస్తారు, గాజు సీసాలు మాత్రం వద్దంటారు. అటుకుల పొడి పాపకు పడుతుందో లేదో ఇప్పుడే ఇంట్లో నాలుగు రోజులు పెట్టి చూడండి, అక్కడికి వెళ్ళాక కొత్త రుచులు మొదలుపెట్టవద్దు.

ఇంకొక సంగతి. మెయిన్ స్ట్రీట్‌లో ఒక మంగలి దుకాణం ఉంది, పిల్లలకు తొలిసారి జుట్టు కత్తిరించి, గుర్తుగా ఒక పత్రం, మిక్కీ చెవుల టోపీ ఇస్తారు. మా అబ్బాయి సరదాపడ్డాడు. పుట్టువెంట్రుకలు తిరుపతి కొండకే అని మొక్కుకున్నామని చెప్పి నేను ఒప్పుకోలేదు. మీకు అటువంటి మొక్కు ఉంటే ఆ సంగతి మీ వారికి అక్కడికి వెళ్ళాక కాక, ఇక్కడే చెప్పి పెట్టండి.

చిన్నితల్లి అమ్మ, అట్లాంటా

అమ్మా, మొక్కు యాదగిరిగుట్టకు ఉంది, ఈ రాత్రే చెబుతాను. మొదటి రోజు ఎప్‌కాట్, రెండో రోజు పూర్తిగా విశ్రాంతి, మూడో రోజు ఉదయం సఫారీ, నాలుగో రోజు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో సగం పూట అని అనుకున్నాము. అటుకులు వేయించడం మా అమ్మ అప్పుడే మొదలుపెట్టింది.