డ్రైపాయింట్‌కి ఏ పేపర్ వాడుతున్నారు? తడి సంగతి కూడా చెప్పండి

గీతల_గది: అందరికీ నమస్తే. డ్రైపాయింట్ అంటే ప్లేట్ మీద సూదితో గీసి, ఆ గీతల్లో ఇంకు నింపి, తడి పేపర్ పెట్టి ప్రెస్‌లో తీసే ప్రింటే కదా, అలా యాక్రిలిక్ షీట్ మీద మా ఇంటి వెనక తాటిచెట్టు గీసి అదే ప్లేట్‌ని నాలుగు పేపర్ల మీద తీశా. కాట్రిడ్జ్ (డ్రాయింగ్ పేపర్) మీద గీత బూడిదరంగులో పడింది, నేపాల్ పేపర్ మీద మెత్తగా వచ్చింది, 300 జీఎస్ఎం వాటర్‌కలర్ పేపర్ మీద సగం గీతలు పడనే లేదు, చేత్తో చేసిన ఖాదీ పేపర్ ప్లేట్‌కి అంటుకుని చిరిగింది. పేపర్ ఎంతసేపు నానబెట్టాలి? ఇంకు ఏది వాడుతున్నారు?

రాగిరేకు: వాటర్‌కలర్ పేపర్‌కి నీళ్లు త్వరగా పీల్చకుండా జెలటిన్ లాంటి జిగురు (సైజింగ్) పట్టించి ఉంటుందమ్మా, పది నిమిషాల్లో నీళ్లు లోపలికి పోవు. నేను ఆర్చెస్ కంపెనీ వాటర్‌కలర్ పేపర్‌ని గంట పైనే తొట్టిలో ఉంచి, తీశాక రెండు బ్లాటింగ్ పేపర్ల మధ్య పెట్టి అప్పడాల కర్రతో ఒత్తుతా. చేత్తో తాకితే చల్లగా ఉండాలి, పైన నీటి మెరుపు మాత్రం కనబడకూడదు, మెరుపు ఉన్నచోట నూనె ఇంకు పట్టదు. ఇరవై ఏళ్లుగా ప్రెస్ తిప్పుతున్నా, నా మాట విను, యాక్రిలిక్ వదిలెయ్. రాగి మీద సూది లాగితే పక్కకి లేచిన లోహం గట్టులా నిలబడుతుంది, ఆ బర్‌లో ఇంకు ఆగితేనే వెల్వెట్ లాంటి నలుపు.

నీలిమసి: వదిలెయ్ అనడం తేలికేనన్నా, రాగి రేకు కొనేది ఎవరు? నేను జ్యూస్ టెట్రా ప్యాకెట్లు కోసి లోపలి వెండి వైపు గీసి తీస్తున్నా. రాగి మీదైనా పది పదిహేను తీశాక బర్ అణిగిపోతుంది కదా.

రాగిరేకు: మీ ప్యాకెట్ మీద వచ్చే ఐదారు ప్రింట్లకీ రాగి మీద పదిహేనుకీ తేడా లేదా? రాగి మీద స్టీల్ ఫేసింగ్ (పల్చటి ఇనుప పూత) చేయిస్తే ఇంకా ఎక్కువే వస్తాయి. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1653లో ‘మూడు శిలువలు’ అనే ప్రింట్‌ని రాగి మీదే గీశాడు, కొన్ని ప్రతులు తోలు మీద కూడా తీశాడు.

నీలిమసి: ఆ అమ్మాయి అడిగింది పేపర్ గురించి. ప్రతి చర్చలో రాగి రాగి అంటారు, కొత్తగా వచ్చినవాళ్లు భయపడి మానేస్తున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

కాకినాడ_కుంచె: నేపాల్ పేపర్ పల్చగా ఉంటుంది, షీన్ కోలే చెయ్యండి, అంటే దాని వెనక జిగురు రాసి ప్రెస్‌లో ప్రింట్‌తోపాటే తిప్పితే వెనక గట్టి పేపర్‌కి అంటుకుపోతుంది. జిగురుకి మైదా ఉడికించి పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వెయ్యాలి, మా తాత బైండింగ్‌కి అలాగే చేసేవాడు.

వరంగల్_ముద్ర: మైలుతుత్తం వద్దండి దయచేసి! అది రాగి లవణం, కొన్నాళ్లకి పేపర్‌ని తినేస్తుంది. నావి రెండు ప్రింట్లు అంచుల దగ్గర గోధుమరంగుకి తిరిగి వేలు పెడితే విరిగాయి, మళ్లీ తియ్యడానికి ఆ ప్లేట్లు కూడా లేవు.

కాకినాడ_కుంచె: తాత కట్టిన పుస్తకాలు ఇప్పటికీ మా బీరువాలో ఉన్నాయి, ఏం కాలేదు. ఆయన పనిని తీసిపారేయకండి.

వరంగల్_ముద్ర: ఆయన్ని ఏమీ అనలేదండి. అట్ట కింద జిగురు వేరు, పల్చటి పేపర్ వెనక వేరు. గోధుమ పిండి గంజి ఏ రోజుది ఆ రోజు కాచి పల్చగా రాస్తే చాలు.

చిత్తూరు_సూది: మా జిల్లా ప్రింట్ కళాకారుడు కృష్ణారెడ్డి గారు డ్రైపాయింట్‌లోనే కదా ఒకే ప్లేట్‌తో అన్ని రంగులు తీసింది?

రాగిరేకు: కాదు తమ్ముడూ, అది విస్కాసిటీ ప్రింటింగ్, ఇంకుల చిక్కదనం తేడాతో నడిచేది. పారిస్‌లో అటెలియే 17 అనే ప్రింట్ స్టూడియోలో ఉండగా పట్టుకున్న పద్ధతి. ప్లేట్‌ని రకరకాల లోతుల్లో చెక్కి, ఇంకుల్లో లిన్సీడ్ నూనె పాళ్లు మార్చి, గట్టి రోలర్, మెత్తటి రోలర్ నడిపిస్తే ఒక ఇంకు ఇంకోదాన్ని తోసేస్తుంది. డ్రైపాయింట్ బర్ మీద ఆ రోలర్ నడిపితే మిగిలేది ఏముంది?

గీతల_గది: రాగిరేకు గారూ, వాటర్‌కలర్ పేపర్‌ని గంటంబావు నానబెట్టి తీశా, తాటి మట్టల అంచున రంపపు పళ్లు కూడా పడ్డాయి! ఖాదీని నానబెట్టలేదు, తడి బ్లాటింగుల మధ్య రాత్రంతా ఉంచా, చిరగలేదు. కానీ దాన్లో సన్నటి ఇసుక రేణువు ఉన్నట్టుంది, ప్రెస్ తిరిగేసరికి ప్లేట్ మీద కాండం పక్కన చుక్కలా గుంట పడింది, ఇప్పుడు ప్రతి ప్రూఫ్‌లో అక్కడ నల్లగా వస్తోంది. ఇకమీదట చేతి పేపర్‌ని ముందు వెలుతురుకి పట్టి, వేళ్లతో తడిమి చూసుకుంటా. ఇంకు సంగతి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదండి.