ట్రాక్టర్ ఇంజన్ ముంగటి టైర్లు లేస్తున్నయ్: వెయిట్లు వేయాలా, నాలుగు చక్రాల ట్రాలీకి మారాలా?

హాలియా రైతుబిడ్డ:
అందరికీ నమస్తే. మాది హాలియా దగ్గర, సాగర్ ఎడమ కాల్వ కింద వరి. 45 హెచ్‌పీ ట్రాక్టర్ (మేం ఇంజన్ అంటం), రెండు చక్రాల హైడ్రాలిక్ ట్రాలీ. వరికోత మిషన్‌తోని కోసినంక పచ్చి వడ్లు సీదా మిర్యాలగూడ మిల్లులకే తోలుతం. పొలంల నుంచి కాల్వకట్ట ఎక్కేకాడ ముంగటి టైర్లు లేస్తున్నయ్. స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. ఇంట్ల తలో మాట. ముంగట వెయిట్లు వేస్తే సరిపోతదని నాయిన. ఈ ట్రాలీ అమ్మి నాలుగు చక్రాలది తెద్దామని తమ్ముడు. అమెరికాల ఉన్న మా బామ్మర్ది ఇంకోటి చెప్పిండు. అక్కడ క్యాంపర్ ట్రైలర్లకు, అంటే బండి వెనక తగిలించుకపోయే చక్రాల ఇండ్లకు, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ అని బిగిస్తరట, వెనక పడ్డ బరువును ముంగటి చక్రాల మీదికి తెస్తదట. గసోంటిది మన ఇంజన్‌కు చేయించొచ్చా? యాసంగి కోతలలోపు తేల్చుకోవాలె. అనుభవం ఉన్నోళ్లు చెప్పుండ్రి.

త్రిపురారం డ్రైవర్:
అన్నా, మీ తమ్ముడు చెప్పిందే నిజం. నాలుగు చక్రాల ట్రాలీ తన బరువు తనే మోసుకుంటది, ఇంజన్‌కు తగిలించే హుక్కు మీద ఏం పడదు. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద వెనక నుంచి లారీ హారన్ కొడుతుంటే, స్టీరింగ్ చేతిల గాలి లెక్క తిరుగుతుంటే ఎట్లుంటదో ఆ సీట్ల కూసున్నోనికే తెలుస్తది. పైసలు చూసుకోకు.

నిడమనూరు వెల్డింగ్ షాప్:
తమ్మీ, కొనుడు అమ్ముడు తర్వాత. ముందుగాల లెక్క చూడు.

ట్రాలీల 5 టన్నుల వడ్లు అనుకుందాం. హుక్కు నుంచి ట్రాలీ ఇరుసు దాకా 10 అడుగులు. లోడు నడిమధ్య ఆ ఇరుసుకు ఒక్క అడుగు ముంగటికి ఉన్నా హుక్కు మీద పదో వంతు, అంటే 500 కిలోలు పడుతది. హుక్కేమో ఇంజన్ వెనక ఇరుసు దాటి రెండున్నర అడుగులు బయట ఉంటది. ముంగటి ఇరుసుకు, వెనక ఇరుసుకు నడుమ ఆరున్నర అడుగులు. అంటే ఆ 500 కిలోలు ముంగటి టైర్ల మీది నుంచి 190 కిలోలు గుంజుకుంటయ్. సాపు రోడ్డు మీద ఇది పెద్దగ తెలువది.

కట్ట ఎక్కేటప్పుడు దానికి లాగుడు తోడైతది. పది అడుగులకు ఒక అడుగు లేచే మట్టి ర్యాంపు మీద లోడు ట్రాలీని గుంజాలంటే హుక్కుకాడ వెయ్యి కిలోల దాకా లాగుడు పడుతది. హుక్కు భూమికి 2 అడుగుల ఎత్తుల ఉంటే ఒక్క ఆ లాగుడుకే ముంగట 300 కిలోలు పోతయ్. ఎత్తు మీద ఇంజన్ బరువు కూడ కొంత వెనక్కి పోతది. 2 టన్నుల ఇంజన్‌కు ముంగటి టైర్ల మీద ఉండేదే 700, 750 కిలోలు. ఇవన్ని తీసేస్తే మిగిలేది నూటయాభై. అప్పుడు క్లచ్ ఒక్కసారి వదిలితే లేవక ఏం జేస్తది?

అందుకని పైసా ఖర్చు లేని పనులు ముందు చేయి. హుక్కు ఎత్తు కొలువు. 2 అడుగుల నుంచి అడుగున్నరకు దించితే ఆ ర్యాంపు మీదనే 75 కిలోలు ముంగటికి తిరిగొస్తయ్. టాప్ లింక్ కాడ, అంటే ఇంజన్ వెనక నాగలి తగిలించే పై కడ్డీ కాడ మాత్రం ఎవ్వరు చెప్పినా ఏదీ కట్టి గుంజొద్దు. దిగబడ్డ బండికి గొలుసు ఎత్తుల కట్టి లాగితే ఇంజన్ వెనక్కి తిరగబడుతది, డ్రైవర్‌కు దుంకే టైం కూడ ఉండదు.

ఇంగ అసలు సంగతి. మిషనోడు వడ్లు పోసేటప్పుడు పైపు ఒక్కకాడనే పెడతడు. మీ ట్రాలీల కుప్ప ఎక్కడ పడుతున్నదో చూసినవా? ఎక్కువ మందికి ముంగటి పలక దగ్గరనే పడుతది. పచ్చివడ్లు ఎండువడ్ల తీరు జారి సర్దుకోవు, పోసినకాడనే గుట్టలెక్క నిలబడతయ్. మిషన్ పోస్తున్నప్పుడే ఇంజన్‌ను మెల్లగ ముంగటికి జరుపుకుంట పోయించుకో, లేదంటే ఇద్దరు పారలు పట్టుకొని ఎక్కి వెనక్కి లాగుండ్రి. లోడు నడిమధ్య అర అడుగు వెనక్కి జరిగితే హుక్కు మీద 250 కిలోలు తగ్గుతయ్.

పాలమూరు చెలక:
వెల్డింగ్ అన్న లెక్క బాగుంది కానీ ఒక హెచ్చరిక అందులనే రాయాల్సి ఉండె. వెనక్కి, వెనక్కి అని లోడంతా ఇరుసు దాటించిండ్రనుకో, హుక్కు పైకి లేస్తది. వెనక టైర్లకు పట్టు పోతది. దిగుడుల ట్రాలీ ఇటూ అటూ ఊగి ఇంజన్‌నే తిప్పుకపోతది. ముంగట లేచుడు కన్న అది ప్రమాదం.

త్రిపురారం తమ్మి మాటకు నేను ఒప్పుకోను. మాకు ఉన్నది నాలుగు చక్రాలదే, పత్తి బాదేపల్లి మార్కెట్‌కు తోలుతం. పత్తి ఎత్తు ఎక్కువ, బరువు తక్కువ, తారు రోడ్డు. దానికి సక్కగ సరిపోతది. మీది వరిపొలం, తడి. హుక్కు మీద 500 కిలోలు పడితే వెనక టైర్ల మీద 690 కిలోలు ఎక్కువైతయ్, ఆ బరువే బురదల పట్టు ఇస్తది. నాలుగు చక్రాల ట్రాలీ తగిలిస్తే ఆ పట్టు ఉండదు, టైర్లు ఉన్నకాడనే తిరిగి గుంత తీస్తయ్. ఇంగ రివర్స్ సంగతి. ట్రాలీ ముంగటి చక్రాలకు టర్న్ టేబుల్, అంటే ఆ చక్రాలను ఇటూ అటూ తిప్పే గుండ్రటి పళ్లెం ఉంటది, హుక్కు దగ్గర ఒక మడత, టర్న్ టేబుల్ దగ్గర ఇంకో మడత. మిల్లు ముంగట బండ్ల లైన్ల వెనక్కి పెట్టాలంటే చేయి తిరిగిన డ్రైవర్ కూడ తిప్పలు పడతడు. మీ నాయిన మాట ఇనుండ్రి.

త్రిపురారం డ్రైవర్:
పెద్దాయనా, బురదల ఉండేది అరగంట, రోడ్డు మీద ఉండేది మిర్యాలగూడ దాకా. వడ్లు పోసుకునేటప్పుడు ట్రాలీని గట్టు మీదనే నిలబెట్టొచ్చు. మిషన్ పొలం నుంచి గట్టుకు తానే వస్తది.

పాలమూరు చెలక:
అందరికీ గట్టు పక్కన బాట ఉండదు తమ్మీ. పక్కోని పొలం దాటి పోయేటోళ్లే ఎక్కువ.

టెక్సస్‌ల నకిరేకల్ పిల్లగాడు:
హిచ్ గురించి అడిగిండ్రు కాబట్టి చెప్తున్న, నా పికప్‌కు క్యాంపర్ తగిలించి నడుపుత. ఈడ బండి వెనక బాల్, అంటే ఇనుప గుండు ఉంటది, క్యాంపర్ ముక్కు దాని మీద కూసుంటది. క్యాంపర్ మొత్తం బరువుల 10 నుంచి 15 శాతం ఆ బాల్ మీద పడాలని లెక్క. 2,500 కిలోల క్యాంపర్ అయితే 250 నుంచి 375 కిలోలు. అంత పడితే పికప్ వెనక కుంగి, ముంగట తేలికైతది. ఆ హిచ్‌కు రెండు దిక్కులా స్ప్రింగ్ కడ్డీలు ఉంటయ్. వాటి కొసలు క్యాంపర్ ఫ్రేముకు గొలుసులతోనో బ్రాకెట్లతోనో బిగిస్తరు. కడ్డీలు వంగినకొద్ది బాల్ దగ్గర పడ్డ బరువుల కొంత ముంగటి చక్రాలకు, కొంత క్యాంపర్ చక్రాలకు పోతది.

ఎంచుకునేటప్పుడు ఖాళీ క్యాంపర్ బరువు చూసి కొంటే పని కాదు. నీళ్ల ట్యాంకు నింపి, గ్యాస్ సిలిండర్లు, సామాను అన్నీ పెట్టినంక ముక్కు మీద ఎంత పడుతున్నదో చూసి ఆ బరువుకు తగ్గ కడ్డీలు తీసుకోవాలె. బిగించే ముందు, బిగించినంక ముంగటి మడ్‌గార్డు ఎత్తు టేపుతోని కొలిచి సరిచేస్తం. బండి కంపెనీ ఇచ్చిన మోత పరిమితి మాత్రం దీనితోని పెరగదు. కొన్ని బండ్లకు ఈ హిచ్ వాడొద్దని మాన్యువల్‌లనే రాస్తరు.

మీ ఇంజన్‌కు ఇది కుదరది అన్నా. మీది పిన్ను, హుక్కు. అందుల సందు ఉంటది, అటూ ఇటూ ఆడుతది. కడ్డీలు పనిచేయాలంటే బిగువుగ పట్టి ఉంచే హిచ్ కావాలె. పైగ గట్టు దాటేటప్పుడు ఇంజన్ ఒక దిక్కు, ట్రాలీ ఇంకో దిక్కు ఒరుగుతయ్. 5 టన్నుల లోడు మీద ఆ మెలికకు కడ్డీలన్నా ఇరుగుతయ్, ఫ్రేమన్నా పగులుతది.

నిడమనూరు వెల్డింగ్ షాప్:
ఈ తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఈ హిచ్ వీడియో చూపించి చేసియ్యమని అడిగేటోళ్లు నా దగ్గరికి కూడ వస్తరు, నేను చెయ్య. లారీ కమాన్ పట్టీలు కోసి ఆ కడ్డీల లెక్క అతికి ఇచ్చేటోడు ఎవడన్నా దొరికినా చేయించుకోవద్దు.

పాలమూరు అన్న హెచ్చరిక కూడ సరైందే. ఇరుసు మీద సమానంగ ఉండుడు కాదు, హుక్కు మీద కొంత బరువు ఎప్పుడూ ఉండాలె. ఎంత అన్నది అంచనాతోని చెప్పుకునే పని లేదు. మిల్లుల కాంటా ఉండనే ఉన్నది. లోడు ట్రాలీ తగిలించి ఉండంగనే ముంగటి టైర్లు మాత్రమే కాంటా మీదికి ఎక్కించి ఆపు. ఆ అంకె ఇంజన్ మొత్తం బరువుల ఐదో వంతుకు తగ్గొద్దు. 2 టన్నుల ఇంజన్‌కు 400 కిలోలు. తగ్గితే అప్పుడు వెయిట్లు కొను. ముంగటి ఇరుసుకు అడుగున్నర ముందు 100 కిలోలు వేలాడదీస్తే ఇరుసు మీద 120 కిలోల పైన పడుతది, అంటే వేసిన దానికన్న ఎక్కువే దక్కుతది. దమ్ము చేసేటప్పుడు మాత్రం తీసెయ్, ముంగట దిగబడుతది.

హాలియా రైతుబిడ్డ:
చాన థ్యాంక్స్ అన్నా అందరికీ. హుక్కు ఇప్పుడే కొలిచిన, 26 అంగుళాలు ఉన్నది. కింద ఇంకో రంధ్రం ఉంది, రేపు దించుత. కాంటా సంగతి కోతలు మొదలైనంక చూసి ఇక్కడనే అంకె రాస్త. అప్పటిదాక ట్రాలీ అమ్ముడు ఆపుమని తమ్మునికి చెప్పిన.

త్రిపురారం డ్రైవర్:
సరే అన్నా, నా మాట మాత్రం నాలుగు చక్రాలదే. ఒక్కటి అడుగుత, మీ ట్రాలీకి బ్రేకు ఉన్నదా? ఇంతసేపు ఎవ్వరూ ఆ మాట ఎత్తలే. ఎక్కుడుల వెయిట్లు కాపాడతయ్ సరే, కాల్వకట్ట దిగుడుల 5 టన్నులు వెనక నుంచి నూకుతుంటే ఆపేది ఒక్క ఇంజన్ బ్రేకులే.

హాలియా రైతుబిడ్డ:
లేదు తమ్మీ. వెల్డింగ్ అన్నా, పాత ట్రాలీకి బ్రేకు పెట్టించొచ్చా?

నిడమనూరు వెల్డింగ్ షాప్:
ఇరుసు చూసి చెప్త. డ్రమ్ములు కూసునే తీరు ఉంటే పెట్టొచ్చు, లేకుంటే ఇరుసే మార్చాలె. కోతలకు ముందే ఖాళీ ట్రాలీ పట్టుకొని రా.