పాత సెయిల్‌బోట్ డెక్ మెత్తబడింది: పైనుంచి కోయాలా, లోపలి నుంచా?

హ్యూస్టన్ దగ్గర గాల్వెస్టన్ బేలో మా పడవ ఉంది. 1970ల నాటి 27 అడుగుల ఫైబర్‌గ్లాస్ సెయిల్‌బోట్. మాస్ట్‌ను (తెరచాప స్తంభాన్ని) పట్టి ఉంచే స్టీలు తీగలకు కట్టిన పట్టీలు డెక్‌లోకి (పడవ పైతలంలోకి) దిగే చోట అడుగు వేస్తే కిందికి కుంగుతోంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టితే మిగతా చోట్ల ఖంగుమంటోంది, అక్కడ మాత్రం మొద్దు చప్పుడు. సీలెంట్ ఎండిపోయి నీళ్లు దిగి, రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్యనున్న బాల్సా చెక్క కుళ్లినట్టుంది.

పైపొర కోసి, కుళ్లింది తీసేసి, కొత్త బాల్సా ఎపాక్సీతో (హార్డెనర్ కలిపితే గట్టిపడే జిగురుతో) అతికించి, అదే పొరను మళ్లీ పరచాలని నా ఆలోచన. కానీ కాలు జారకుండా ఉండే గరుకు అచ్చు పాడవుతుందని టెన్షన్. క్యాబిన్ లోపలి నుంచి చేస్తే అది మిగులుతుంది గానీ, తలపైకి ఎపాక్సీ పూయడం నరకం. ఎవరైనా అలా చేశారా? బాల్సా బదులు ఫోమ్ వాడొచ్చా? ఇక్కడి వేసవిలో ఎపాక్సీ గిన్నెలోనే గట్టిపడిపోతుంది. నెమ్మదిగా గట్టిపరిచే స్లో హార్డెనర్ కలిపితే చాలా, నవంబర్ దాకా ఆగాలా? ఆగితే పట్టీలు బిగించిన లోపలి ప్లైవుడ్ గోడ కూడా పాడవుతుందేమో.

చిన్న రంధ్రం పెట్టి ఎపాక్సీ ఎక్కించమని మాత్రం చెప్పకండి, తడి చెక్కకు అది పట్టదు.