మొహం చెల్లకపోవడం: ఈ ‘చెల్లు’ సంగతి ఏమిటి?

పెద్దలందరికీ నమస్కారం. నెల్లూరు నుంచి రాస్తున్నాను. మా అక్క కూతురు ఒక ఇంగ్లిషు ప్రేమ నవలను తెలుగు చేస్తూ ఒక మాట దగ్గర వారం రోజులుగా ఆగిపోయింది.

కథ ఇంగ్లండులో ఒక పల్లెలో జరుగుతుంది. కారు ప్రమాదంలో ఒక కుర్రవాడు పోతాడు, కారు నడుపుతున్న స్నేహితుడు బతుకుతాడు. పోయినవాడి చెల్లెలికి మిగిలినవి ముసలి తండ్రి, గొర్రెల మంద, అప్పుల్లో మునిగిన పొలం. పొలం వేలానికి పోకుండా ఉండాలంటే తనను పెళ్లి చేసుకోమంటాడు ఈ స్నేహితుడు. ప్రేమ ఊసు లేదు, అన్నీ కాగితం మీద షరతులే. ఆ రాత్రి కారు నడిపింది తనేనని మాత్రం చెప్పడు. పెళ్లినాటి సాయంత్రం వాన పడుతుంటే, ముసలాయన చనిపోయిన కొడుకు కోటు తెచ్చి అల్లుడి భుజాల మీద కప్పుతాడు.

అక్కడ వీడి మనసులో కలిగేదానికి తెలుగు మాట కావాలి. మా అమ్మాయి ‘అతన్ని అపరాధభావం ముంచెత్తింది’ అని రాసింది. నాకు అపరాధం అనగానే గడువు దాటిన బిల్లు మీద వేసే అపరాధ రుసుము గుర్తుకొస్తుంది. ‘నేరభావన’ అంటే ఠాణా వాసన. పోనీ అందరూ అనేదే కదా అని ఇంగ్లిషు మాటనే ‘గిల్టు’ అని పెడితే, చదివేవాళ్లకు గిల్టు నగలు కనిపిస్తాయి. ఇలా వాదించుకుంటుంటే వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతున్న మా అమ్మ, తల ఎత్తకుండానే, ‘ఆ ముసలాయన ముందు వాడికి మొహం చెల్లలేదు అని రాయవే, సరిపోతుంది’ అంది.

సరిపోయింది కూడా. అయితే ఇక్కడ ‘చెల్లడం’ అంటే ఏమిటి? మీరేమంటారు?

కందుకూరు మాస్టారు: పశ్చాత్తాపం అనే నిక్షేపమైన మాట ఉండగా ఇంత వెతుకులాట ఎందుకండీ? పైగా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత ఉండనే ఉంది. మీ వాడి భుజాల మీద కోటు కూడా వేశారు.

మాస్టారూ, సామెతను భలే అతికించారు. కానీ గుమ్మడికాయల దొంగది దొరికిపోతానన్న భయం. దొరకడన్న ధైర్యం ఉంటే వాడు హాయిగా పులుసు వండుకుంటాడు. మన కథలోవాడు దొరకలేదు, దొరకడు కూడా. అయినా తల ఎత్తలేకపోతున్నాడు. పశ్చాత్తాపం ఇంకా రాలేదు, అది పేరుకు తగ్గట్టు తరువాత వచ్చే తాపం. ముప్పయ్యో అధ్యాయంలో నోరు విప్పి చెప్పినప్పుడు వాడుకోమన్నాను.

నాకు తోచింది చెబుతాను. మొహం చెల్లకపోవడంలో ఉన్నది నాణెం. చెల్లని కాసు జేబులో ఉంటుంది, చూడటానికి బాగానే ఉంటుంది, తీసి అవతలివాడి చేతిలో పెట్టలేం. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయిన కొన్ని నెలలకు మా అమ్మ బియ్యం డబ్బాలో అడుగున రెండు అయిదువందల నోట్లు బయటపడ్డాయి. మడత నలగలేదు, అంచు చిరగలేదు. వాటిని తిప్పి తిప్పి చూసి, ‘గాంధీగారి మొహం కూడా చెల్లలేదు’ అని మళ్లీ డబ్బాలోనే వేసింది. అపరాధభావం మనిషి లోపల ఎక్కడో ఉంటుంది. మొహం చెల్లకపోవడానికి ఎదురుగా ఇంకొక మనిషి ఉండాలి. ఒంటరిగా అడవిలో కూర్చున్నవాడికి మొహం చెల్లకపోవడం ఉండదు.

సూళ్లూరుపేట నుంచి ఒకరు: మాకు తమిళం పక్కనే కాబట్టి చెబుతున్నాను. అక్కడ ‘సెల్’ అంటే వెళ్లు. ‘సెల్లాద కాసు’ అంటే చెల్లని కాసు. నాణెం చేతులు మారి వెళుతుంది కాబట్టి చెల్లుతుంది. కన్నడంలో ‘సల్లు’. మర్త్యలోకం కర్త పెట్టిన టంకసాల, ఇక్కడ సల్లినవారు అక్కడా సల్లుతారు, ఇక్కడ సల్లనివారు అక్కడా సల్లరు అని బసవన్న వచనం ఉంది. మీ నాణెం పోలిక ఆయన ఎప్పుడో వాడేశాడు!

బసవన్న తరువాత రెండో స్థానమైనా నాకు సంతోషమే. ‘వెళ్లు’ అన్న అర్థంతో ఇంకొక చిక్కు కూడా విడిపోతోంది. నోటు చెల్లితే మంచిది, మందుకు కాలం చెల్లితే పారేయాలి. ఒకే క్రియ ఇలా రెండు వైపులా ఎందుకు మాట్లాడుతుందా అనుకునేవాణ్ణి. నోటు నడిచి వెళుతుంది, కాలం గడిచి వెళుతుంది. ‘భూమ్మీద నూకలు చెల్లాయి’ అన్నా అంతే, తినవలసిన గింజలు అయిపోయాయి. బాకీ చెల్లించడం, మొక్కు చెల్లించడం సరేసరి. మా స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగప్పుడు పెళ్లి కావాలన్న కోరికతో ఒకరి చేతి నుంచి పెళ్లి రొట్టె పట్టుకున్నవాళ్లు, ఆ కోరిక తీరితే మళ్లీ ఏడాది అదే రొట్టె తెచ్చి ఇంకొకరి చేతిలో పెడతారు. పుచ్చుకున్నది ఒకరి దగ్గర, చెల్లించేది ఇంకొకరికి. నవలలో వీడు చేసేది కూడా దాదాపు ఇదే. బాకీ పడింది స్నేహితుడికి, చెల్లిస్తున్నది అతని చెల్లెలికి.

అన్నట్టు, చెల్లెలు కూడా ‘చెల్లు’ నుంచే వచ్చిందా అని ఒకరు విడిగా అడిగారు. చెవికి దగ్గరగా ఉన్నంత మాత్రాన చుట్టరికం కలపడం నాకు ఇష్టం లేదు.

ఒంగోలు నుంచి ఒక న్యాయవాది: పెళ్లి విషయంలోనూ మాకు ఇదే మాటండీ. 1955 హిందూ వివాహ చట్టంలో పదకొండో సెక్షన్ కింద వచ్చేది మొదటినుంచీ చెల్లని పెళ్లి. పన్నెండో సెక్షన్ వేరు. ఆ పెళ్లి చెల్లుతూనే ఉంటుంది, అన్యాయం జరిగిన భార్యో భర్తో కోర్టుకెళ్లి రద్దు చేయించుకునే దాకా. ముఖ్యమైన సంగతి దాచి ఒప్పించడం కూడా అందుకు ఒక కారణం కావచ్చు. కథ ఇంగ్లండులోది కాబట్టి మన చట్టం అక్కడ పనికిరాదు. కానీ మీ వాడి పెళ్లి నాకు అచ్చం ఈ రెండో రకంలా కనిపిస్తోంది. ఆమె అడగనంత కాలం చెల్లుతుంది.

లాయరమ్మగారూ, మీరు రాసింది మా అమ్మాయికి చదివి వినిపించాను. చదవగానే కాగితం తీసుకుని పక్క గదిలోకి వెళ్లిపోయింది.

కందుకూరు మాస్టారు: మరి అలాంటి అవసరం కోసం చేసుకునే పెళ్లిని ఏమంటున్నారు? నన్నడిగితే ‘ఇల్లటం’ అనమంటాను. మగపిల్లలు లేని ఇంట అల్లుణ్ణి తెచ్చుకుని, సేద్యం చూసుకున్నందుకు కొడుకులా ఆస్తిలో భాగం ఇస్తామని ముందే మాట అనుకునేవారు. రెడ్ల, కమ్మవారి కుటుంబాల్లో ఉన్న ఈ ఆచారాన్ని మద్రాసు రాజధాని కాలంలోనే కోర్టులు ఒప్పుకున్నాయి. ఉత్త ఇల్లరికం వేరు, ఇల్లటం వేరు. కొడుకు పోయిన ఇంటికి, పొలం కోసం, షరతులతో వచ్చిన అల్లుడు. ఇంతకంటే ఏం కావాలి?

మాట ముచ్చటగా ఉంది మాస్టారూ, మా అమ్మ కూడా తల ఊపింది. కానీ ఇల్లటం అనగానే మన పాఠకుడి కళ్లకు వరి మడి, మధ్యవర్తులు, తాంబూలాలు కనిపిస్తాయి. ఇంగ్లండు గొర్రెలు ఎటో పోతాయి. పైగా ఇల్లటంలో లాభం అల్లుడికి, ఇక్కడ వీడు ఎదురు డబ్బు పెడుతున్నాడు. ‘అనుకూల వివాహం’ అంటే జాతకాలు కలిసినట్టుంది. ‘ఒప్పంద వివాహం’ కోర్టు నోటీసులా ఉంది. అసలు మన వైపు సంబంధం ‘కుదరడం’ అన్నదే నూటికి తొంభై పాళ్లు ఇరు కుటుంబాల వీలు చూసుకోవడం. కుండమార్పిడి పెళ్లిళ్లయితే చెప్పనే అక్కర్లేదు, మీ పిల్లను మాకు, మా పిల్లను మీకు. అందుకే దానికి విడిగా పేరు పెట్టవలసిన అవసరం రాలేదేమో అని నా అనుమానం. నేను ‘సర్దుబాటు పెళ్లి’ వైపు ఉన్నాను. ప్రస్తుతానికి ఇంట్లో నాది ఒక్క ఓటే.

సూళ్లూరుపేట నుంచి అదే మనిషి: ఆ అమ్మాయి చివరికి ఏం రాసిందో చెప్పరా?

రాత్రి చూపించింది. ఉన్నది ఉన్నట్టు పెడుతున్నాను:

‘ముసలాయన కోటు గుండీలు ఒక్కొక్కటే పెడుతున్నాడు. పై గుండీ దగ్గరికి వచ్చేసరికి అతను తల తిప్పుకున్నాడు. ఆ ఇంట్లో అతని డబ్బు చెల్లింది, సంతకం చెల్లింది. మొహం చెల్లలేదు.’

కందుకూరు మాస్టారు: బాగుంది. ‘మొహం’ తీసి ‘ముఖం’ చేయమనండి.

మా అమ్మ ఒప్పుకోవడం లేదండీ.